బూడిద పూసిన బ్యాటరీ

క్రేను రెండో పడవను గాలిలోకి లేపింది. తైస్తో జేబులోని చీటీ మీద తొమ్మిది అని ఉంది. ఒక్కో పడవకు ఎనిమిది నిమిషాలు వేసుకున్నా ఇంకా దగ్గర దగ్గర గంట. గంటసేపు ఈ గట్టు మీద, ఈ మే నెల ఈదురుగాలిలో, చల్లారిపోయిన కాఫీ కప్పు పట్టుకుని ఈ మందను చూస్తూ నిలబడాలి. మంద కాకపోతే ఏమిటి? ఏడాదంతా సముద్రం గురించి కోతలు కోసే ప్రతి దద్దమ్మ బండారమూ బయటపడేది ఈ ఒక్కరోజే. సముద్రం గడ్డకట్టకముందే అక్టోబరులో గట్టెక్కి టార్పాలిన్ల కింద ముడుచుకున్న పడవలన్నీ ఈరోజు నీళ్ళలోకి దిగుతాయి. దిగినది దిగినట్టు తన ఇంజను తానే స్టార్ట్ చేసుకుని, క్రేను కిందనుంచి తప్పుకుని, వెనకవాడికి దారివ్వాలి. సెల్ఫ్ కొడితే కుయ్యిమని మూలిగి ఊరుకుందా, క్లబ్బు పడవ వచ్చి తాడు కట్టి లాక్కుపోతుంది, గట్టు మీద అరవైమంది కాల్చిన సాసేజీలు నములుతూ చూస్తుండగా. ఎవరూ ఒక్క మాట అనరు. ఈ తీరంలో మనిషిని తిట్టరు, తిట్టాల్సిన చోట తలలు దించి కాఫీ కప్పుల్లోకి చూస్తారు. ముప్పై ఒక్క వసంతాలుగా తైస్తో ఎవరెవరినో చూసి కప్పులోకి చూశాడు. తనను చూసి ఇంకొకడు కప్పులోకి చూసే అవసరం ఏనాడూ రానివ్వలేదు.

గాలిలో వేలాడుతున్నది పళ్ళ డాక్టరు రైమో పడవ. తెల్లగా, నున్నగా, సముద్రం అంటే ఏమిటో తెలియని పడవ. వాడి బ్యాటరీలు లిథియంవట. ఎంత నిండాయో ఫోనులో కనబడుతుందట, సోఫాలో పడుకుని కాళ్ళూపుకుంటూ చూసుకుంటాడట. మూత తిప్పి తీసి, లోపల ప్లేట్లు నీళ్ళలో మునిగి ఉన్నాయా లేదా అని వంగి కళ్ళతో చూడడం వాడి వంశంలో లేదు. మరి జనం నోళ్ళలో ఆ చిన్న అద్దం పెట్టి చూడడం ఎందుకు, ఆ పళ్ళు కూడా ఫోనులోనే చూసుకోకూడదూ? పడవ నీళ్ళను తాకింది, రైమో ఏదో మీట నొక్కాడు, చప్పుడు కూడా లేకుండా ఇంజను అందుకుంది. ఛీ, అదీ ఒక స్టార్టేనా, దానికి కష్టం తెలిసిందా, చలి తెలిసిందా. రైమో చెయ్యూపుతూ అరిచాడు, "ఏం తైస్తో, నీ ముసలి బ్యాటరీ ఇంకా బతికే ఉందా? ఎన్నేళ్ళొచ్చాయి దానికి?"

"పన్నెండు," అన్నాడు తైస్తో. ఆలోచించకుండానే అన్నాడు. అనేసరికి గట్టు మీద నలుగురైదుగురు తలలాడించారు, మెచ్చుకోలుగా, ప్రతి ఏడూ ఆడించినట్టే. పదకొండు అన్నప్పుడూ ఆడించారు, పది అన్నప్పుడూ ఆడించారు. ఆ పన్నెండేళ్ళ బ్యాటరీ ఏప్రిల్ పదకొండున పొరుగూరి పాత సామాన్ల కుప్పలోకి పోయిందని, ఇప్పుడు పడవలో ఉన్నది నెల కూడా నిండని కొత్తదని వీళ్ళలో ఒక్కడికి తెలిసినా ఇక ఈ గట్టు మీద తలెత్తుకునేది లేదు. ఎందుకంటే తైస్తో దగ్గర ఉన్నది అదొక్కటే. రైమోకు పడవ ఉంది, సిర్పాకు క్లబ్బు పెత్తనం ఉంది, ఇంకొకడికి గొంతు ఉంది, పార్టీల్లో పాడతాడు. ఓడల కార్ఖానాలో నలభై ఏళ్ళు కరెంటు తీగలు లాగి రిటైరైన తైస్తోకు, శీతాకాలమంతా బ్యాటరీని బతికించి ఉంచే మనిషి అన్న పేరు ఉంది. అది పోతే అరవై తొమ్మిదేళ్ళ వయసు, నడుం నొప్పి మిగులుతాయి, అంతే.

మూడోది దిగింది, నాలుగోది లేచింది. ప్రతి అక్టోబరులోనూ క్లబ్బు గదిలో నలభై మడత కుర్చీలు వేయించి తైస్తో ఉపన్యాసం ఇస్తాడు, పదిహేడేళ్ళుగా అదే ఉపన్యాసం. ముందు నెగటివ్ తీగ విప్పాలి, ముందు నెగటివ్, పాజిటివ్ కాదు, మీ చెవుల్లో దూది పెట్టుకున్నారా. తీగ ఎందుకు విప్పాలి? పడవలో అన్నీ ఆపేశామని మీరనుకుంటారు, ఏదో ఒకటి గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉంటుంది. తీగలు తగిలించే కొనల మీద తెల్లగా పేరుకున్న పొడిని వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడగాలి, తుడిచి వాజలీన్ రాయాలి. డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్ళు కాదు. నిండా చార్జి చేయాలి, పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు రావాలి మీటరులో. నెలకోసారి చూడాలి, పన్నెండు పాయింట్ నాలుగుకు పడితే మళ్ళీ చార్జింగుకు పెట్టాలి. నిండిన బ్యాటరీని మన చలి ఏమీ చేయలేదు, ఖాళీ అయినది మైనస్ పదికే గడ్డకట్టి పగులుతుంది. ఇంతే. చిన్నపిల్లలు కూడా చేసే పని. అయినా ప్రతి వసంతంలో ఇద్దరో ముగ్గురో తాడు కట్టించుకునేవారు, తైస్తోకు లోపల్లోపల హాయిగా ఉండేది, ఉండేదని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, తన మాట విననివాడు మునిగితే తనకు హాయిగానే ఉండేది. కిందటి అక్టోబరులో వెనక వరసలోంచి ఇల్పో చెయ్యెత్తాడు. పోస్టాఫీసులో పనిచేసే ఇల్పో, అరవై దగ్గర పడుతున్నా ప్రతిదానికీ చెయ్యెత్తి అడిగే ఇల్పో, రెండేళ్ళు వరసగా తాడు కట్టించుకున్న ఇల్పో.

"తైస్తో, నాకొకటి అర్థం కాలేదు. చార్జి చేశాక పడవలోనే వదిలెయ్యాలా, ఇంటికి పట్టుకెళ్ళి వెచ్చగా పెట్టాలా?"

"చలికి చచ్చేది బ్యాటరీ కాదు ఇల్పో, దాని ఓనరు బుర్ర," అన్నాడు తైస్తో. గది గదంతా పగలబడి నవ్వింది. ఇల్పో కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి, కాగితం మీద ఏదో రాసుకోబోయి మానేశాడు. ఆ నవ్వు తైస్తోకు రెండు వారాలు కడుపు నింపింది, ఇంటికెళ్ళి భార్య ఐలాకు కూడా చెప్పాడు. ఐలా బంగాళాదుంపల చెక్కు తీస్తూ, "మరి సమాధానం ఏం చెప్పావు?" అంది. ఏ సమాధానం? "అతను అడిగినదానికి." తైస్తో విసుక్కున్నాడు, నీకు బ్యాటరీల సంగతి తెలియదులే అన్నాడు. నిజమే, సమాధానం చెప్పలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది, సమాధానం చెప్పనే లేదు. చల్లగా ఉంచితేనే మంచిది, వెచ్చని చోట చార్జి తొందరగా దిగిపోతుంది అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెబితే నవ్వు చెడిపోయేది.

ఐదోది లేస్తోంది. సిర్పా నారింజరంగు చొక్కా తొడుక్కుని ఈల వేస్తోంది, క్లబ్బు అధ్యక్షురాలైన దగ్గర్నుంచి ఆ ఈల ఆమె మెడలోంచి దిగలేదు, నిద్రలో కూడా వేస్తుందేమో. ఇల్పో పడవ ఎనిమిదో నంబరు, తైస్తోకు సరిగ్గా ముందు. చూడు ఎలా నిలబడ్డాడో, కొత్త టోపీ పెట్టుకుని, పడవకు మైనం పట్టించి తళతళలాడించి, పైపై మెరుగులు ఎంత కావాలంటే అంత. వాడి వల్లే కదా ఇదంతా. ఉపన్యాసం అయిన మరుసటి ఆదివారం తైస్తో తన బ్యాటరీ విప్పడానికి నిచ్చెన వేసుకుని గట్టు మీది పడవ ఎక్కాడు. ప్రతి ఏడూ విప్పి, ఇరవై ఎనిమిది కిలోలు నిచ్చెన మీదుగా దించి, ఇంటికి తీసుకుపోయి, కింద నేలమాళిగలో బంగాళాదుంపల పక్కన బల్ల మీద పెట్టేవాడు, చల్లగా, పొడిగా, నెలకోసారి మీటరుతో పలకరిస్తూ. ఆరోజు వంగాడు, పట్టీ పట్టుకుని ఒక్కసారి లేపాడు, నడుంలో కలుక్కుమంది. అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, లేవడానికి పావుగంట పట్టింది. సరే, ఇక్కడే ఉండనీ అనుకున్నాడు, నిండా చార్జి ఉంది, చలి ఏమీ చేయదు, నెగటివ్ తీగ విప్పేస్తే చాలు. పానా చేతిలోకి తీసుకున్నాడు కూడా. అప్పుడే నిచ్చెన దగ్గర్నుంచి గొంతు.

"తైస్తో, బరువేమో, నేనొచ్చి ఓ చెయ్యెయ్యనా?"

ఇల్పో. ఎవడైనా రావచ్చు, రైమో రావచ్చు, సిర్పా రావచ్చు, వచ్చినవాడు ఇల్పో. ఇల్పో తనకు సాయం పట్టడమా! రేపు క్లబ్బులో, తైస్తోది నేనే దించానండీ, పాపం నడుం పట్టేసింది, అని చెప్పడా? చెప్పడేమో, వాడు అలాంటివాడు కాదు, కానీ తైస్తోకు తెలుస్తుంది కదా, అది చాలదూ. "నీదేదో నువ్వు చూసుకో, ముందు నీ పడవ నీళ్ళలో స్టార్టవనీ," అని, పానా సంచిలో పడేసి, బ్యాటరీ మీది చెక్క పలక మూసేసి, టార్పాలిన్ కిందికి లాగి, నిటారుగా, పళ్ళు బిగించుకుని నిచ్చెన దిగి, ఇల్పో వంక చూడకుండా కారు దాకా నడిచాడు. తీగ విప్పలేదు. పదిహేడేళ్ళు అందరికీ మొట్టికాయలు వేసి మరీ చెప్పిన మొదటి పని, తానే చేయలేదు, చేయలేదన్న సంగతి కూడా మరిచాడు. ఇంట్లో మంచమెక్కి నడుముకు వేడి సంచి పెట్టుకుని, ఎందుకు పడుకున్నావంటే జలుబు అన్నాడు.

ఆరు. ఆరోది మూలిగింది, మూలిగింది, అందుకుంది. అదృష్టవంతుడు, తెలివి కాదు, అదృష్టం. డిసెంబరులో మంచు కరిగిన నాలుగు రోజుల్లో టార్పాలిన్ చిల్లులోంచి నీళ్ళు పడవ అడుగుకు చేరి ఉంటాయి. అడుగున నీళ్ళు చేరితే వాటంతటవే తోడిపోసే చిన్న పంపు ఒకటి ఉంది, నీళ్ళతో పాటు పైకి తేలి దాన్ని నడిపించే ప్లాస్టిక్ డిప్ప ఒకటి ఉంది. డిప్ప తేలింది, అంతలో మళ్ళీ చలి బిగిసింది, తేలిన డిప్ప తేలినట్టే మంచులో ఇరుక్కుపోయింది. పంపు ఆగదు. నీళ్ళు లేవు, తోడడానికి ఏమీ లేదు, అయినా పాడు పంపు గిర్రుమంటూనే ఉంది, పన్నెండేళ్ళ బ్యాటరీ ఆఖరి చుక్క దాకా తాగేసింది. జనవరిలో మైనస్ ఇరవై ఆరు. ఏప్రిల్లో తైస్తో టార్పాలిన్ ఎత్తి, పలక తీసి చూసేసరికి బ్యాటరీ ఉబ్బిపోయి, ఒక పక్క పగిలి, కింద యాసిడ్ ఎండి చెక్క నల్లబడి ఉంది. అక్కడే కూర్చున్నాడు. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని ముందు చూశాడు, ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఇంకొకడి పడవలో ఇది చూసి ఉంటే ఏమనేవాడో తనకు తెలుసు, ఆ మాటలన్నీ వరసగా తన గొంతుతోనే వినబడ్డాయి. వెధవ. చేతకానివాడు. తీగ విప్పడం రాని వాడికి పడవెందుకురా?

కొత్తది ఈ ఊళ్ళో కొంటే గంటలో అందరికీ తెలుస్తుంది. అరవై కిలోమీటర్లు పోయి సలో అనే ఊళ్ళో కొన్నాడు, అదీ కళ్ళజోడు మార్చుకుని, సిగ్గు లేకపోతే సరి. కొన్నాక చూస్తే పెళ్ళికొడుకులా మిలమిలలాడిపోతోంది, పలక ఎత్తితే పది గజాల నుంచి ఎవడైనా పసిగడతాడు. దాన్ని పాతదానిలా చేయడానికి నేలమాళిగలో మూడు మధ్యాహ్నాలు పట్టింది. తేదీ ఉన్న కాగితాలన్నీ వేడినీళ్ళతో నాననిచ్చి గీకేశాడు, ఇసకకాగితంతో అంచులు అరగదీశాడు, పొయ్యిలోంచి బూడిద తెచ్చి గ్రీజులో కలిపి నాలుగు పక్కలా రుద్దాడు, ఆరనిచ్చి మళ్ళీ రుద్దాడు. జీవితంలో ఇంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదేమో. అప్పుడు చూశాడు, బ్యాటరీ ఉండాల్సిన బల్ల మీద ఐలా వరసగా జామ్ సీసాలు సర్దింది. అడిగితే నవంబరులోనే సర్దానంది. బ్యాటరీ ఇంటికి రాలేదని నవంబరు నుంచీ తెలుసన్నమాట! ఆరు నెలలు ఒక్క మాట అడగలేదు. అడిగితే కసిరేవాడు, ఎందుకు అడుగుతుంది, ఎవరడుగుతారు?

ఏడు దిగింది, వెళ్ళింది. గట్టు మీద గుసగుసలు తగ్గాయి, ఎనిమిది ఇల్పో కదా, అందరికీ సరదా. తైస్తోకు కూడా సరదాగా ఉండాలి, ఏటా ఉండేది. ఇల్పో పడవలో నిలబడి, నీళ్ళు తాకగానే తాళం తిప్పాడు. టిక్. మళ్ళీ తిప్పాడు. టిక్. వంగి ఏదో సరిచేసి మళ్ళీ తిప్పాడు, ఈసారి టిక్కు కూడా లేదు. అరవై తలలు ఒక్కసారిగా కప్పుల్లోకి వంగాయి. సిర్పా ఈల వేయబోయి మానేసి, పడవను చేత్తో పక్కకు లాగి జెట్టీకి ఆనించింది.

"ఏం చేశావయ్యా బాబూ దాన్ని?"

"అన్నీ చేశాను సిర్పా. కడిగాను, వాజలీన్ రాశాను, తీగ విప్పి ఇంటికి పట్టుకెళ్ళాను. ఆవిరిస్నానం చేసే సౌనా పక్క గదిలో పెట్టాను, వెచ్చగా ఉంటుందని. ఒక్కరోజు కూడా చలి తగలనివ్వలేదు."

"నెల నెలా చూశావా?"

"వెచ్చగానే ఉంది కదా అని..." ఇల్పో కొత్త టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఇదే ఆఖరు. ఇక నా వల్ల కాదు. ఎవరైనా అడిగితే చెప్పు, పడవ అమ్మేస్తాను."

వెచ్చగా. ఏడు నెలలు సౌనా పక్కన, ముద్దుగా, వెచ్చగా పెట్టి చంపాడు. మూర్ఖుడు. ఆ మాట తైస్తో మనసులో పూర్తి కాలేదు. ఎవడు మూర్ఖుడు? వాడు అడిగాడు కదా, చెయ్యెత్తి, నలభైమందిలో, ఇంటికి పట్టుకెళ్ళి వెచ్చగా పెట్టాలా అని సరిగ్గా ఇదే అడిగాడు. పైగా తీగ విప్పాడు. ఈ ఏడు ఈ గట్టు మీద తీగ విప్పని పడవ ఒకటుంటే అది తనది. వాడు తాడు కట్టించుకుంటాడు, తాను కొత్త బ్యాటరీకి బూడిద పూసి పెద్దమనిషిలా పోతాడు. తైస్తోకు తన మీద తనకే రోత పుట్టింది. ఇన్నాళ్ళూ దాచుకుని దాచుకుని ఇతరుల మీద ఉమ్మినదంతా ఇదే కాబోలు. చెప్పెయ్యాలి అనుకున్నాడు. పేరు పోతే పోయింది. ఇల్పో ఆ పడవ అమ్మకూడదు.

"తొమ్మిది!" సిర్పా ఈల వేసింది. పడవ లేచింది, తిరిగింది, దిగింది. ఐలా జెట్టీ మీద నిలబడి ముందు తాడు పట్టుకుంది. తైస్తో తాళం తిప్పాడు, అర చుట్టు కూడా తిరగకముందే ఇంజను గుర్రుమని అందుకుంది. గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. రైమో కూడా జెట్టీ మీదుగా దగ్గరికి వచ్చాడు. సిర్పా రెండు చేతులూ పైకెత్తి, "పన్నెండేళ్ళ బ్యాటరీ! చూశారా అందరూ? ఇల్పో, అమ్మడం తర్వాత, ముందు పెద్దాయన్ని అడిగి తెలుసుకో," అంది.

రెండు గజాల దూరంలో, తన చచ్చిన పడవలోంచి ఇల్పో తలెత్తి చూశాడు. "నిజంగానే అడుగుతున్నాను తైస్తో. నువ్వేం చేస్తావు?"

"కొత్తది కొన్నాను," అన్నాడు తైస్తో.

గట్టు మొత్తం ఘొల్లున నవ్వింది. రైమో పొట్ట పట్టుకున్నాడు, సిర్పా ఈల నోట్లోంచి జారింది. "అబ్బా, ఏం కొట్టావయ్యా!" అని ఎవరో అరిచారు. ఇల్పో చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వకండి. నిజం చెబుతున్నాను. నాది పగిలిపోయింది. నేనే తీగ విప్పలేదు. ఇది గత నెల సలోలో కొన్నాను." నవ్వు ఇంకా పెరిగింది. తైస్తో వంగి, నడుం కలుక్కుమంటున్నా లెక్కచేయకుండా పలక ఎత్తి చూపించాడు. రైమో తొంగి చూసి, "అవునండోయ్, నిన్ననే పెట్టెలోంచి తీసినట్టుంది!" అన్నాడు, జనం మళ్ళీ పడీపడీ నవ్వారు. తైస్తో చొక్కా చేతితో రుద్దాడు, గట్టిగా రుద్దాడు, మసి చొక్కాకు అంటిందే తప్ప బ్యాటరీ కొత్తదనం బయటపడలేదు. "ఐలా, నువ్వు చెప్పు. చెప్పు వీళ్ళకి."

ఐలా తాడు విప్పి పడవలోకి విసిరింది. "నాకేం తెలుసు? నాకు బ్యాటరీల సంగతి తెలియదని నువ్వే కదా చెబుతావు."

"ఇల్పో," అన్నాడు తైస్తో, "విను, నేను వెక్కిరించడం లేదు..."

"సరేలే తైస్తో," అన్నాడు ఇల్పో, మెల్లగా, టోపీ తల మీద పెట్టుకుంటూ. "నాకు చేతకాదని నాకు తెలుసు. ఇంతమందిలో మళ్ళీ మళ్ళీ చెప్పాలా?" క్లబ్బు పడవ వచ్చి పక్కన ఆగింది. ఇల్పో తాడు అందుకుని, ముందుకు వెళ్ళి, తన పడవకు తానే కట్టుకున్నాడు. అందరూ కప్పుల్లోకి చూశారు.

"తొమ్మిది, కదలాలి! పదోది దిగుతోంది!" అని సిర్పా అరిచింది. తైస్తో గేరు వేశాడు. అతని పడవ ఎవరి సాయమూ లేకుండా తన చోటికి తాను వెళ్ళింది.